రెండు రూపాయల ఎనిమిదణాల నోటు: ఆ అంకె ఎందుకు, దాన్ని ఇప్పుడేం చేయాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కదా. మీ ముత్తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి ఊరికి తిరిగి వచ్చారు. ఆయన ట్రంకుపెట్టెలో, పొలం కాగితాల మధ్య మడిచి పెట్టిన నోటు ఒకటి దొరికింది. దాని మీద రెండు రూపాయల ఎనిమిది అణాలు అని ఉంది. నంబరు ముందు ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. దాంతోపాటు మీ మేనమామగారు ఎప్పుడో యాంగోన్ (రంగూన్‌కు ఇప్పటి పేరు) వెళ్లినప్పుడు తెచ్చిన 45 క్యాట్‌ల బర్మా నోటు ఫొటో కూడా పెట్టారు. ఇలాంటి అంకెలతో ఏ ప్రభుత్వమైనా నోట్లు వేస్తుందా, ఇవి నాటకాల నోట్లు కావు కదా, అసలువైతే ఎంత పలుకుతాయి, అమెరికాలో ఉన్న తమ్ముడు పంపమంటున్నాడు, పోస్టులో పంపొచ్చా అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తగ్గిస్తాను. ఈ రెండు రకాల నోట్లూ నిజంగా జనం చేతుల్లో తిరిగినవే. రెండున్నర రూపాయల నోటును భారత ప్రభుత్వం 1918 జనవరి 2న విడుదల చేసింది, 1926 జనవరి 1 నుంచి ఆపేసింది. 45 క్యాట్‌ల నోటును బర్మా ప్రభుత్వం 1987 సెప్టెంబరులో తెచ్చింది. రెంటికీ మధ్య దాదాపు 70 ఏళ్ల తేడా ఉన్నా, రెండూ రంగూన్ మీదుగానే మీ ఇంటికి చేరాయి. మీ చేతిలో ఉన్న నోటు అసలుదా నకలా అన్నది మాత్రం ఫొటో చూసి తేల్చకూడదు. దానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు చివర్లో రాస్తాను.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ బ్యాంకులో క్యాష్ కౌంటర్లోనే ఎక్కువ కాలం కూర్చున్నాను. పాత నోట్లు పోగుచేయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. వింత అంకె ఉన్న నోటు ఎవరు తెచ్చి చూపించినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ అంకె ఎవరి లెక్కలో నిండు అంకె? ఆ జవాబు దొరికితే నోటు కథలో సగం తెలిసిపోతుంది. మీ రెండు నోట్లకూ ఈ ప్రశ్నే వేసి చూద్దాం. ఒకదానికి జవాబు వెంటనే దొరుకుతుంది, రెండోదానికి దొరకదు. ఆ తేడా ఎందుకో చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రెండున్నర వింతగా కనిపించేది మనం పదుల లెక్కకు అలవాటు పడ్డాం కాబట్టి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, అంటే రూపాయికి 64 పైసలు. ఆ లెక్కలో గొప్పతనం ఏమిటంటే ఎన్నిసార్లు సగం చేసినా భిన్నం రాదు. పదహారులో సగం ఎనిమిది అణాలు, దాంట్లో సగం పావలా, పావలాలో సగం బేడ, బేడలో సగం అణా. మన భాష ఈ లెక్కలోనే పెరిగింది. అందుకే ఇప్పటికీ ఏ లోపమూ లేనివాడిని పదహారణాల తెలుగువాడు అంటాం, వంద పైసల తెలుగువాడు అనం. రెండున్నర అన్నది మనకు ఒకే మాట. సంతలో రెండున్నర, మూడుంపావు, ముప్పావలా అని చెప్పేవాళ్లకు అవి తడుముకోవలసిన అంకెలు కావు.

ఇప్పుడు నోటును ఆ లెక్కలో పెట్టి చూడండి. అప్పటికే పది రూపాయల నోటు ఉంది, ఐదు రూపాయల నోటు ఉంది. ఐదులో సగం రెండు రూపాయల ఎనిమిదణాలు. నాలుగు నోట్లు కలిస్తే పది. పది రూపాయల కూలి నలుగురికి పంచాల్సిన మేస్త్రీ తలకొక నోటు ఇస్తే సరిపోతుంది. రెండు రూపాయల నోటు వేసి ఉంటే ఐదు నిండడానికి రెండు నోట్లతో పాటు ఇంకో రూపాయి, నాణెమో నోటో, కూడా కావాలి. వెండి రూపాయి దొరక్కే కదా ఈ నోటు వేయాల్సి వచ్చింది! రెండు కాకుండా రెండున్నరనే ఎంచుకోవడానికి కారణం ఇదేనని నా అంచనా.

వెండి ఎందుకు కరువైందో చెబితే గానీ ఈ నోటు పూర్తిగా అర్థం కాదు. అప్పటి రూపాయి నాణెం బరువు 180 గ్రెయిన్లు, పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దేశం నుంచి ధాన్యం, జనుము, తోలు, సైన్యం అన్నీ తీసుకెళ్లింది. వాటికి ఇక్కడి రైతుకీ వ్యాపారికీ సిపాయి కుటుంబానికీ చెల్లించాల్సింది రూపాయల్లో. టంకశాలలు ఎంత కొట్టినా రూపాయలు చాలలేదు. మరోవైపు ప్రపంచ మార్కెట్లో వెండి ధర పెరుగుతూ పోయి, 1917 నాటికి రూపాయి మీద రాసిన విలువ కంటే దాన్ని కరిగిస్తే వచ్చే వెండి విలువే ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది. అలాంటప్పుడు చేతికొచ్చిన రూపాయిని ఎవరు బయటికి తీస్తారు? కుండల్లోకీ, గోడల్లోకీ, కంసాలి కుంపటిలోకీ పోయింది.

అప్పుడు ప్రభుత్వం చేసిన పనుల్లో కొన్ని ఇప్పటికీ మన ఇళ్లలో ఆనవాళ్లుగా దొరుకుతాయి. 1917 నవంబరు 30న రూపాయి నోటు వచ్చింది, నెల తిరగగానే రెండున్నర రూపాయల నోటు. 1918లో రెండణాలకు, 1919లో పావలాకూ ఎనిమిదణాలకూ వెండి బదులు నికెల్ కలిపిన నాణేలు కొట్టారు. అయినా చాలక అమెరికాను అడిగారు. 1918 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి అమ్మడానికి ఒప్పుకుంది. దాదాపు 27 కోట్ల వెండి డాలర్లు కరిగాయి, అందులో సింహభాగం మన దేశానికి చేరే వెండిగా బ్రిటన్‌కు అమ్మారు. మీ ఇంట్లో 1918, 1919 నాటి వెండి రూపాయి ఉంటే అందులో అమెరికా డాలరు వెండి కలిసి ఉండే అవకాశం ఉంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నోటు మీదకు వద్దాం. నా దగ్గర ఈ రకం ఒకటే ఉంది, ఎం అక్షరంతో. చేతిలో పెట్టుకుంటే ఇప్పటి నోటులా పెళపెళమనదు. ఎన్నోసార్లు ఉతికిన నూలు గుడ్డలా మెత్తగా ఉంటుంది. ఎడమవైపు పైన ఎనిమిది పలకల చట్రంలో ఐదో జార్జి రాజు బొమ్మ. నా నోటులో సరిగ్గా రాజు మెడ దగ్గర మడత పడి అక్కడ సిరా రాలిపోయింది. కింద ఎం.ఎం.ఎస్. గబ్బే సంతకం, ఆయన అప్పటి భారత ప్రభుత్వ ఆర్థిక శాఖ అధికారి. వెనక్కి తిప్పితే విలువను ఎనిమిది భాషల్లో రాశారు. అందులో మన తెలుగు ఉంది, బర్మా భాషా ఉంది. మీ ముత్తాతగారి చేతిలో ఈ నోటు ఉన్నప్పుడు ఆయన పుట్టిన ఊరి లిపి, ఆయన పనిచేసిన ఊరి లిపి రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయన్నమాట. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అక్కడా ఇక్కడా ఇదే డబ్బు.

మీ నోటు నంబరు ముందున్న ఆర్ అక్షరం కూడా ఆ రంగూన్‌నే చెబుతోంది. అప్పట్లో నోట్ల జారీకి దేశాన్ని ఏడు కేంద్రాలుగా విభజించారు. ఎ అంటే కాన్పూర్, బి బొంబాయి, సి కలకత్తా, కె కరాచీ, ఎల్ లాహోర్, ఎం మద్రాసు, ఆర్ రంగూన్. అంటే మీ నోటు రంగూన్ కేంద్రం నుంచి బయటికి వచ్చింది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన మనవాళ్లను అక్కడివాళ్లు కోరంగి రేవు పేరుతో కోరంగీలు అనేవాళ్లు. అలా వెళ్లిన ఒక మిల్లు కూలీ సంపాదనలోంచి మిగిలిన కాగితం మీ దగ్గర ఉంది. ఇలా ఎవరి ద్వారా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన నోటు చాలా అరుదు. వేలంలో కొన్నదానికి ఈ కథ ఉండదు.

కాకినాడ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఇంకా వెనక్కి, పందొమ్మిదో శతాబ్దంలో, మద్రాసు కింద ఉపకేంద్రంగా కాకినాడ పేరుతో కూడా ప్రభుత్వ నోట్లు వెలువడ్డాయి. అప్పటి నోటు ఏ కేంద్రం జారీ చేస్తే ఆ పరిధిలోనే నగదుగా మారేది. 1903 నుంచి 1911 మధ్య ఐదు, పది, యాభై, వంద రూపాయల నోట్లను దేశమంతా చెల్లేలా చేశారు. పోస్టులో డబ్బు పంపేవాళ్లు నోటును నిలువునా రెండుగా కత్తిరించి, ఒక సగం ముందు పంపి, అది చేరినట్టు ఉత్తరం వచ్చాక రెండో సగం పంపేవాళ్లు. ఎవరింట్లోనైనా కత్తిరించి అతికించిన పాత నోటు దొరికితే పాడైందని పారేయకండి. ఆ కోత కూడా చరిత్రే.

తెలంగాణ నుంచి చదివేవాళ్లకు: హైదరాబాద్ సంస్థానం నోట్లు మొదలైంది కూడా ఇదే వెండి కరువులో, అదే 1918లో. అంతకుముందు హైదరాబాద్ కాగితం డబ్బు వేయడానికి బ్రిటిష్‌వాళ్లు ఒప్పుకోలేదు. ముందు పది, వంద రూపాయల ఉస్మానియా సిక్కా (నిజాం ప్రభుత్వ డబ్బు) నోట్లు, 1919లో ఒకటి, ఐదు, 1926లో వెయ్యి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ ఉంటాయి. మన పెద్దలు నిజాం రూపాయిని హాలీ అని, బ్రిటిష్ రూపాయిని కల్దారు అని పిలిచేవాళ్లు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆ లెక్కన మీ నోటు హైదరాబాద్‌లో 2 రూపాయల 14 అణాల 8 పైలకు (అణాకు 12 పైలు) సమానం. బెజవాడలో నిండు అంకె అయిన రెండున్నర, మూడు జిల్లాలు దాటేసరికి ఇలా తయారవుతుంది. అంకెలో వింతేమీ లేదు, అది ఏ చిట్టాలో పడిందన్నదే ముఖ్యం.

ఈ మాట మీ ఒక్క నోటుకే పరిమితం కాదు. బ్యాంక్ ఆఫ్ బెంగాల్ తొలి రోజుల్లో ఒక బంగారు మొహరు విలువ చేసే నోటు వేసింది, దాని మీద పదహారు సిక్కా రూపాయలు (అప్పటి కలకత్తా రూపాయి పేరు) అని ఉంటుంది. ఇప్పుడు పదహారు రూపాయల నోటంటే ఎవరూ నమ్మరు. కలకత్తాలో అప్పుడు ఒక మొహరు అంటే పదహారు రూపాయలు, అంతే. మన దేశంలో మిగిలిన బ్యాంకు నోట్లలో అతి పాతదిగా చెప్పేది కూడా ఆ బ్యాంకుదే, 1812 సెప్టెంబరు 3 నాటి 250 సిక్కా రూపాయల నోటు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ అమెరికాలోని మేరీల్యాండ్ వలసది. 1767లో వాళ్లు డాలరులో తొమ్మిదో వంతు నోటు వేశారు. తొమ్మిదిలో రెండు వంతుల నోటూ ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకు పిచ్చెక్కినట్టయింది. తర్వాత నోటు మీద రాసింది చదివాను. వాళ్లు స్పెయిన్ వెండి డాలరును ఇంగ్లండ్ డబ్బులో 4 షిల్లింగుల 6 పెన్నీలుగా కట్టారు. షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే 54 పెన్నీలు. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఆరు పెన్నీలు, అంటే సరిగ్గా అర షిల్లింగు. తొమ్మిదిలో రెండు వంతులు సరిగ్గా ఒక షిల్లింగు. లండన్ లెక్కలో నిండు అంకె, డాలరు లెక్కలో భిన్నంగా కనిపిస్తోంది. 1776లో స్వాతంత్ర్య పోరాటం నడిపిన కాంగ్రెస్ డాలరులో ఆరో వంతు, మూడో వంతు, అర, మూడింట రెండు వంతుల నోట్లు వేసినా సంగతి అదే. న్యూ ఇంగ్లండ్ వలసల్లో డాలరుకు ఆరు షిల్లింగులు, కాబట్టి ఆరో వంతు అంటే అక్కడి షిల్లింగు.

ఇంకో రకం వింత చిల్లర కరువులో పుడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సింహళంలో ఐదు సెంట్ల నోటు ఒకటి వేశారు. దాని మధ్యలో తపాలా బిళ్లలకు ఉన్నట్టు చిల్లుల వరస ఉంటుంది. అక్కడ చింపితే ఒక ముక్క రెండు సెంట్లు, ఇంకోటి మూడు సెంట్లు. చిల్లర లేని దుకాణదారుడు నోటును చింపి మిగతా ముక్క తిరిగి ఇచ్చేయొచ్చు. చింపకుండా మిగిలిన నోటు దొరికితే సేకర్తలు ఎంతో అపురూపంగా దాచుకుంటారు.

ఇప్పుడు మీ రెండో నోటు. ఇక్కడ నా ప్రశ్నకు జవాబు దొరకదు. 45 ఎవరి చిట్టాలోనూ నిండు అంకె కాదు. బర్మావాళ్ల క్యాట్‌కు 1952 నుంచీ వంద ప్యాలే, మన రూపాయికి పైసల్లా.

జరిగింది ఇదీ. సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం 1985 నవంబరులో 50, 100 క్యాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించి, 75 క్యాట్‌ల నోటు తెచ్చింది. అది ఆయన 75వ పుట్టినరోజు గుర్తుగా అని చెబుతారు. 1986లో 15, 35 క్యాట్‌ల నోట్లు వచ్చాయి. 1987 సెప్టెంబరు 5న ఉన్నట్టుండి 25, 35, 75 నోట్లు మూడూ రద్దు. మార్చుకునే వీలు కూడా ఇవ్వలేదు. జనం దగ్గరున్న డబ్బులో సగానికి పైగా ఒక్క ప్రకటనతో కాగితమైపోయింది. అదే నెల 22న కొత్తగా 45, 90 నోట్లు వచ్చాయి. నె విన్‌కు తొమ్మిది అంటే నమ్మకం, అది తన అదృష్ట సంఖ్య అని. నాలుగూ ఐదూ కూడితే తొమ్మిది, తొమ్మిదీ సున్నా కూడితే తొమ్మిది. మీ నోటు మీదున్న వ్యక్తి పో హ్లా జీ, 1938లో చమురు క్షేత్రాల కార్మికుల సమ్మె నడిపిన నాయకుడు. 90 నోటు మీద రైతుల తిరుగుబాటు నడిపి ఉరికంబం ఎక్కిన సయా సాన్ ఉంటాడు. జనం కోసం పోరాడినవాళ్ల బొమ్మలను జనం పొదుపును తుడిచేసిన నోట్ల మీద వేశారు. అది చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఈ నోట్లతో లెక్క ఎంత కష్టమో మీరే చేసి చూడండి. ఒకటి, ఐదు, పది, పదిహేను, నలభై ఐదు, తొంభై నోట్లే ఉన్నాయనుకోండి. వంద కట్టాలంటే తొంభైకి పది కలపాలి. రెండు వందలకు రెండు తొంభైలు, రెండు పదులు. ఐదు వందలకు ఐదు తొంభైలు పెట్టి మిగతా యాభై కోసం ఒక నలభై ఐదు, ఒక ఐదు. నలభై ఐదు నోట్లు ఎన్ని పేర్చినా ఇరవై పేరిస్తే గానీ వందల్లోకి నిండుగా రాదు, అప్పుడు తొమ్మిది వందలు. మన రెండున్నర నాలుగు నోట్లకే పది అయింది. వాడేవాడి కోసం పుట్టిన అంకెకూ, పాలించేవాడి నమ్మకం కోసం పుట్టిన అంకెకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. కట్టలు లెక్కపెట్టేవాడి వేళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

రద్దు ప్రకటించిన వెంటనే రంగూన్‌లో సాంకేతిక విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఫీజుల కోసం దాచుకున్న డబ్బు పోయింది మరి. మరుసటి ఏడాది మార్చిలో గొడవలు ముదిరాయి. జులైలో నె విన్ పార్టీ పదవి వదులుకున్నాడు, 1988 ఆగస్టు 8న దేశమంతా కదిలింది. ఆ ఉద్యమానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఈ నోట్ల రద్దుకు పెద్ద చోటే ఉంది.

మనవాళ్లకు ఈ దెబ్బ అంతకుముందే తగిలింది. 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసింది, మే 17న 50, 100 క్యాట్‌ల నోట్లను రద్దు చేసింది. లక్షల మంది భారతీయులు, వాళ్లలో వేల తెలుగు కుటుంబాలు, చేతులు ఊపుకుంటూ ఓడలెక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. ఆ చుట్టుపక్కల ఉండే ఒక పెద్దాయన చాలా ఏళ్ల కిందట నాకు ఒక వంద క్యాట్‌ల నోటు చూపించారు. దేవుడి పటం వెనక పెట్టుకున్నారు. వాళ్ల నాన్న పన్నెండేళ్లు కూడబెట్టినదాంట్లో మిగిలింది అదొక్కటేనని చెప్పారు. నేను ధర అడగలేదు, ఆయన అమ్ముతానని అనలేదు. అది చూశాకే నేను నోట్లతో పాటు వాటి వెనక ఉన్న మనుషుల వివరాలు కూడా రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను.

సరే, మీరు చేయాల్సిన పనులు.

రెండున్నర నోటును పగటి వెలుగులో కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. అసలు నోటు కాగితంలోనే నీటిగుర్తు ఉంటుంది, కాగితం తయారయ్యేటప్పుడే పడిన గుర్తు అది. పైన అచ్చు వేసిన గుర్తైతే వెలుగు వెనక నుంచి పడినప్పుడు కూడా ముందు కనిపించినంతే కనిపిస్తుంది, లోతు ఉండదు. తర్వాత పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో రాజు బొమ్మ చుట్టూ గీతలు చూడండి. అసలు నోటులో సన్నటి గీతలు తెగకుండా సాగుతాయి. కంప్యూటర్ ప్రింటర్‌లో తీసిన నకలైతే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. టీ డికాషన్‌లో ముంచి పాతదనం తెచ్చిన నకళ్లు నా దగ్గరకు రెండుసార్లు వచ్చాయి. వాటిలో మరక అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా వందేళ్లు మడతలో ఉన్న నోటుకు మడత గీత దగ్గర ఒక రంగు, లోపల ఇంకో రంగు ఉంటుంది.

మీరు ఫొటో తీసేటప్పుడు మడత విప్పి గాజు పలక కింద పెట్టినట్టున్నారు. ఇక మళ్లీ మడవకండి. లామినేషన్ మాట అసలు తలపెట్టొద్దు. వేడికి కాగితం ప్లాస్టిక్‌కు అంటుకుపోతే ఇక ఎవరూ విడదీయలేరు, నోటు విలువా పోతుంది. చిరుగు ఉన్నా సెలోటేపు వేయకండి. నేను కొత్తలో ఒక మంచి నోటుకు టేపు వేసి, ఐదేళ్ల తర్వాత ఆ జిగురు పసుపు రంగు మరకగా మారి కాగితంలోకి ఇంకిపోవడం చూసి ఏడ్చినంత పనైంది. ఇస్త్రీ చేయకండి, నీళ్లు తగలనీయకండి, రబ్బరుతో రుద్దకండి. నోట్ల కోసమే అమ్మే పాలిప్రొపిలిన్ గానీ పాలిస్టర్ గానీ కవరు తీసుకోండి. పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు జిడ్డు వదులుతాయి. కవరును ఒక అట్ట మధ్య పెట్టి బీరువాలో బల్లపరుపుగా ఉంచండి. పక్కనే కలరా ఉండలు పెట్టకండి, ఆ ఆవిరి కాగితానికీ ప్లాస్టిక్‌కూ మంచిది కాదు. మన కోస్తా తేమకు సిలికా జెల్ పొట్లం ఒకటి చాలు, రెండు మూడు నెలలకోసారి మార్చండి.

ధర సంగతి. 45 క్యాట్‌ల నోటు ఇప్పటికీ విరివిగా దొరుకుతుంది, ఖరీదు చాలా తక్కువ. దాన్ని డబ్బు కోసం కాకుండా మేనమామగారి గుర్తుగా ఉంచుకోండి. రెండున్నర నోటుకు మాత్రం మంచి గిరాకీ ఉంది. చిన్న విలువ నోటు కావడంతో జనం చేతుల్లో నలిగిపోయింది, ఆపేశాక ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, మిగిలినవి కొన్నే. కానీ ధర నోటు స్థితిని బట్టి పదింతలు కూడా మారుతుంది. మడతలు, చిరుగులు, సూది రంధ్రాలు, కేంద్రం అక్షరం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫొటో చూసి ఇంత అని చెప్పేవాళ్లను నమ్మకండి, నేను కూడా చెప్పను. పేరున్న వేలం సంస్థల పాత వేలం ఫలితాలు బయటే ఉంటాయి. అదే స్థితిలో ఉన్న నోటు ఎంతకు పోయిందో నాలుగైదు చూసి, ఆ మధ్య అంకెను మనసులో పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. పాత నోటుకు లక్షలు ఇస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమిషన్ కట్టమని ఫోన్లు వస్తాయి. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడతారు. అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఇక్కడ మీరు ఫోటో పెట్టారు కాబట్టి మీకు కూడా రావచ్చు. నంబరు కనిపించే ఫొటోను తీసేసి, నంబరు కప్పినది పెట్టండి.

అమెరికాకు పంపడం గురించి: పంపకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం బయటికి పంపడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. మీ నోటు వందేళ్లు దాటింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మామూలు పోస్టులో పోతే తిరిగి రాదు. మీ తమ్ముడికి రెండు వైపులా మంచి రిజల్యూషన్‌తో స్కాన్ తీసి పంపండి. స్కానర్ మూత నోటు మీద బలంగా నొక్కకండి. అతను వచ్చినప్పుడు చేతిలో పెట్టి చూపించొచ్చు.

ఇంకొకటి, ఇది మీకే సాధ్యం. మీ ముత్తాతగారు ఏ ఏడు రంగూన్ వెళ్లారు, ఏ మిల్లు, ఏ రేవు నుంచి ఎక్కారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నంత అడిగి ఒక కాగితం మీద రాసి నోటుతో పాటు, కానీ వేరే కవర్లో ఉంచండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి.

వెలుగుకు పట్టి తీసిన ఫొటో ఒకటి, వెనకవైపు తెలుగు వరస స్పష్టంగా కనిపించేలా ఇంకొకటి పెట్టండి. పక్కన స్కేలు పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది. నా దగ్గరున్న ఎం నోటు పక్కన పెట్టి చూసి, తేడాలేమైనా ఉంటే రాస్తాను.